నెల్లూరు నుంచి దుబాయ్‌కి కాపురం: ఇంటిల్లిపాదీ కుదురుకోవడం ఎలా

గల్ఫ్‌కి వెళ్లడం మన వైపు కొత్త సంగతి కాదు. కావలి, ఆత్మకూరు, ఉదయగిరి, కనిగిరి, పామూరు, ఎక్కడ అడిగినా కువైట్‌లోనో దుబాయ్‌లోనో ఉన్నవాళ్ల పేర్లు చెబుతారు. ఒకప్పుడు మగవాళ్లో ఆడవాళ్లో ఒక్కరే వెళ్లి, ఇంటికి డబ్బు పంపేవారు. ఇప్పుడు భార్యాపిల్లలతో అక్కడే కాపురం పెట్టేవాళ్లు పెరిగారు. ఒంటరిగా వెళ్లే మనిషికి ఇచ్చే సలహాలు వీళ్లకు చాలవు.

ఉద్యోగం చేసే మనిషికి దారీ భాషా స్నేహాలూ ఆఫీసే అలవాటు చేస్తుంది. పిల్లలకు బడి ఉంటుంది. ఇంట్లో మిగిలే మనిషికి, ఎక్కువగా ఇల్లాలికి, ఎవరూ ఏదీ అలవాటు చేయరు. ఆమె తనంతట తాను బజారుకు, ఆసుపత్రికి, బడికి వెళ్లి రాగలిగితేనే ఆ కాపురం కుదురుకున్నట్టు. నేను చెప్పే పద్ధతి అంతా ఆ లెక్కనే సాగుతుంది. యూఏఈ (యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్) దేశంలోని దుబాయ్, షార్జాలను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. రుసుములు, వీసా నియమాలు మారుతుంటాయి కాబట్టి బయల్దేరే ముందు ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఒకసారి సరిచూసుకోండి.

1. కాగితాలన్నీ ఊళ్లో ఉండగానే తెముల్చుకోండి

ముందుగా పాస్‌పోర్టులన్నీ పక్కపక్కన పెట్టి పేర్లు చూడండి. మన దగ్గర ఇంటిపేరు ఒక కాగితంలో పొడి అక్షరంగా, ఇంకో దాంట్లో పూర్తిగా, మరో దాంట్లో అసలు లేకుండా ఉంటుంది. భర్త పాస్‌పోర్టులో ఒక స్పెల్లింగు, పెళ్లి సర్టిఫికెట్‌లో మరో స్పెల్లింగు, పిల్లల జనన ధ్రువపత్రంలో తల్లి పుట్టింటి ఇంటిపేరు. ఇక్కడ ఎవరూ పట్టించుకోరు గానీ, అక్కడ కౌంటర్లో ఆగిపోయేది దీని దగ్గరే.

పెద్దవాళ్ల పాస్‌పోర్టులు కూడా ఇప్పుడే చూడండి. ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి ఒకే పేరున్న పాస్‌పోర్టుతో వచ్చే సందర్శకులకు 2022 నవంబర్ 21 నుంచి యూఏఈ ఆంక్షలు పెట్టింది. నివాస వీసా ఉన్నవారికి ఇది వర్తించదు కానీ, రేపు మిమ్మల్ని చూడటానికి విజిట్ వీసా మీద వచ్చే అమ్మానాన్నలకు వర్తిస్తుంది. రెండో పేజీలో తండ్రి పేరు ఉంటే కొందరిని అనుమతిస్తున్నారు. అయినా ఇంటిపేరు, పేరు విడివిడిగా ఉండేలా పాస్‌పోర్టు మార్పించుకుంటే ఏ టెన్షనూ ఉండదు.

పెళ్లి సర్టిఫికెట్ ఉండి తీరాలి. గుడిలో ఇచ్చిన రసీదు, శుభలేఖ, ఫొటోలు చాలవు. రిజిస్ట్రేషన్ చేయించని వాళ్లు ముందు ఆ పని చూసుకోండి. ఆ తర్వాత దాన్ని అటెస్టేషన్ చేయించాలి. మొదట రాష్ట్ర ప్రభుత్వ స్థాయిలో, తర్వాత విదేశాంగ శాఖలో, ఆపై యూఏఈ రాయబార కార్యాలయంలో, చివరగా అక్కడికి చేరాక ఆ దేశ విదేశాంగ శాఖలో ముద్ర పడాలి. ఈ వరుస తప్పితే కుదరదు. పిల్లల జనన ధ్రువపత్రాలకూ ఇదే దారి. ఇంటావిడ డిగ్రీ సర్టిఫికెట్ కూడా ఇదే విడతలో చేయించమని గట్టిగా చెబుతాను. ఇప్పుడు ఉద్యోగం ఆలోచన లేకపోయినా సరే. పిల్లలు బడికి అలవాటు పడ్డాక ఆమెకు పని చేయాలనిపిస్తే, ఆ ఒక్క కాగితం కోసం నెల్లూరుకీ ఢిల్లీకీ మనుషుల్ని తిప్పాల్సి వస్తుంది. భర్త స్పాన్సర్‌షిప్‌లో ఉంటూనే వర్క్ పర్మిట్ మీద ఉద్యోగం చేసుకోవచ్చు.

భార్యాపిల్లలను పిలిపించుకోవడానికి భర్తకు నెలకు కనీసం 4,000 దిర్హాముల జీతం, లేదా 3,000తో పాటు కంపెనీ ఇచ్చే వసతి ఉండాలి. ఇది ప్రభుత్వం పెట్టిన కనీస హద్దు మాత్రమే. అద్దె, బడి ఫీజు కట్టి ఆ జీతంతో దుబాయ్‌లో సంసారం నడపడం చాలా కష్టం. మీ లెక్క మీరు వేసుకోండి. బడి ఫీజూ అద్దే పోను మిగిలేది తక్కువైతే, కుటుంబం కొన్నాళ్లు ఊళ్లోనే ఉండటం తప్పేమీ కాదు.

2. బ్యాంకు, సిమ్, పొలం

విదేశాల్లో స్థిరపడ్డాక ఇక్కడి మామూలు సేవింగ్స్ ఖాతాను ఎన్ఆర్‌ఓ ఖాతాగా మార్చుకోవాలి. అక్కడి జీతం పంపుకోవడానికి ఎన్ఆర్‌ఈ ఖాతా తెరవండి. దాని వడ్డీకి మన దేశంలో పన్ను లేదు. ఊళ్లో నిమ్మతోట కౌలు, రొయ్యల చెరువు లీజు, ఇంటి అద్దె లాంటివి ఎన్ఆర్‌ఓలోకి వస్తాయి.

ఇండియా సిమ్‌ను మాత్రం వదులుకోవద్దు. ఓటీపీలన్నీ దానికే వస్తాయి. ఆధార్, పాన్, బ్యాంకు మూడింటికీ ఒకే నంబరు ఉండేలా చూసుకుని, రోమింగ్ ఆన్ చేయించి, రీఛార్జ్ గడువు గుర్తుపెట్టుకునే బాధ్యత ఇంట్లో ఒకరికి అప్పగించండి.

పొలం, ఇల్లు చూసుకోవడానికి అన్నకో తమ్ముడికో పవర్ ఆఫ్ అటార్నీ ఇవ్వాలంటే వెళ్లకముందే రిజిస్ట్రార్ ఆఫీసులో ఇచ్చేయడం సులువు. అక్కడి కాన్సులేట్‌లో కూడా చేయవచ్చు. అయితే ఆ పత్రం ఇండియాకు చేరిన మూడు నెలల లోపు ఇక్కడ స్టాంపు డ్యూటీ కట్టించాలి. ఏయే పనులకు అధికారం ఇస్తున్నారో విడమరిచి రాయండి. సొంతవాళ్లే కదా అని సర్వాధికారాలూ రాసి ఇచ్చిన తర్వాత వచ్చే గొడవలు డబ్బుతో పోవు, చుట్టరికాలను తింటాయి.

3. అమ్మమ్మ ఫోన్ సరిచేసి వెళ్లండి

చాలామందికి అక్కడ దిగాక గానీ తెలియని విషయం ఇది. యూఏఈలో వాట్సాప్ మెసేజీలు వెళ్తాయి గానీ, వాట్సాప్ కాల్, వీడియో కాల్ పనిచేయవు. బోటిమ్ లాంటి అనుమతి ఉన్న యాప్‌లలోనే మాట్లాడాలి. గూగుల్ మీట్, జూమ్ కూడా పనిచేస్తాయి.

కాబట్టి బయల్దేరడానికి కనీసం వారం ముందు అమ్మమ్మ, నాయనమ్మ, అత్తమ్మ ఫోన్లలో ఆ యాప్ వేసి, గుర్తు మొదటి తెర మీద పెట్టండి. పక్క గదిలోంచి కాల్ చేసి వాళ్ల చేత ఎత్తించండి. "ఈ ఆకుపచ్చది కాదమ్మా, పక్కనున్న నీలంది నొక్కాలి" అని రోజుకు రెండుసార్లు అలవాటు చేస్తే వస్తుంది. ఒకసారి వాళ్లు మీకు చేయాలి, ఒకసారి మీరు వాళ్లకు చేయాలి. వీపీఎన్ పెట్టుకుంటే వాట్సాప్ కాల్ వస్తుందని ఎవరో ఒకరు చెబుతారు. నిషేధించిన పనికి వీపీఎన్ వాడితే అక్కడి సైబర్ చట్టం కింద భారీ జరిమానా పడవచ్చు. ఆ జోలికి పోవద్దు.

అక్కడి సమయం మనకంటే గంటన్నర వెనక. ఊళ్లో రాత్రి ఎనిమిదిన్నర అయితే అక్కడ ఏడు. పిల్లలు బడి నుంచి వచ్చి, పెద్దవాళ్లు ఇంకా పడుకోని వేళ ఒకటి చూసి రోజూ అదే సమయానికి మాట్లాడండి.

4. పెట్టెలు సర్దేటప్పుడు

వంటింటి డబ్బాల్లోంచి మొదట పక్కన పెట్టాల్సింది గసగసాలు. మాంసం కూరలో వేసే ఆ చిటికెడు గింజలు యూఏఈలో మాదకద్రవ్యాల జాబితాలో ఉన్నాయి. ఇంట్లో కొట్టిన మసాలా పొడిలో కలిపి ఉంటే అదీ వద్దు. అత్తమ్మ ప్రేమగా కట్టి ఇచ్చిన పొట్లం అయినా సరే, అందులో ఏముందో అడిగి తెలుసుకున్నాకే పెట్టెలో పెట్టండి. తమలపాకులు, కిళ్లీ సామగ్రి, గుట్కా కూడా వద్దు. పక్కింటివాళ్లు "మా వాడికి ఇవ్వండి" అని ఇచ్చే సీలు వేసిన పార్సిల్ ఎవరిదైనా సరే తీసుకోకండి. మొహమాటపడే చోటు ఇది కాదు.

మందుల విషయంలో ఇంకా జాగ్రత్త. కోడీన్ ఉన్న దగ్గు మందు, ట్రమడాల్ లాంటి నొప్పి మాత్రలు, కొన్ని నిద్రమాత్రలు, ఆందోళనకు వాడే మాత్రలు అక్కడ నియంత్రణలో ఉన్నాయి. అవి తప్పనిసరిగా వాడాల్సిన వాళ్లు ఆ దేశ ఆరోగ్య శాఖ వెబ్‌సైట్‌లో ముందే అనుమతి తీసుకోవాలి. బీపీ, షుగర్, థైరాయిడ్ మాత్రలకు డాక్టర్ చీటీ జెనరిక్ పేర్లతో రాయించుకుని, మందులను అసలు పట్టీలతోనే తీసుకెళ్లండి.

ఎండుకొబ్బరి చిప్పలు విమానంలో చెకిన్ లగేజీలోకి తీసుకోరు. నూనె ఎక్కువగా ఉండి మండే గుణం ఉండటమే కారణం. నెయ్యి, పచ్చళ్లకు విమాన సంస్థను బట్టి పరిమితి ఉంటుంది, టికెట్ తీసుకున్నప్పుడే అడగండి. పచ్చడి ఎప్పుడూ చేతి సంచిలో పెట్టకండి. పవర్ బ్యాంకు చేతి సంచిలోనే పెట్టాలి.

బియ్యం, పప్పులు, చింతపండు, కరివేపాకు, గోంగూర, మునక్కాయలు అన్నీ అక్కడ దొరుకుతాయి. కరామా, బర్ దుబాయ్, షార్జాలో రోలా వైపు మన సరుకుల కొట్లు బోలెడు. వాటితో బరువు పెంచుకోవద్దు. ఇంట్లో కొట్టించిన కారం, పిల్లలకు నచ్చిన పొడులు, పూజ సామాను, మిక్సీ, కుక్కర్ గాస్కెట్లు, ఉదయగిరి చెక్క గరిటెలు పెట్టుకోండి. నాన్‌స్టిక్ పెనాలకు ఆ గరిటెలు బాగా ఉంటాయి, పక్క ఫ్లాటువాళ్లకు బహుమతిగానూ పనికొస్తాయి. కరెంటు మన వోల్టేజీయే, ప్లగ్గు మాత్రం పలక మూడు పిన్నులది. అడాప్టర్లు తీసుకుంటే మిక్సీ నడుస్తుంది.

5. దిగిన తొలి రోజులు

ఎంట్రీ పర్మిట్ మీద దేశంలోకి వెళ్లాక 60 రోజుల్లో నివాస వీసా పనులు పూర్తి చేయాలి. 18 ఏళ్లు నిండిన వారికి రక్త పరీక్ష, ఛాతీ ఎక్స్‌రే ఉంటాయి. ఆ తర్వాత వేలిముద్రలు, ఎమిరేట్స్ ఐడీ. పాస్‌పోర్టులో వీసా స్టిక్కర్ ఇప్పుడు వేయరు, ఆ కార్డే అన్నిటికీ ఆధారం. దాని మీద 784తో మొదలయ్యే 15 అంకెల నంబరు ఉంటుంది. ఇంట్లో అందరి నంబర్లూ ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకి అంటించండి. దుబాయ్‌లో కుటుంబానికి ఆరోగ్య బీమా చేయించడం స్పాన్సర్ బాధ్యత. బీమా కార్డు రాగానే, దగ్గరలో ఆ కార్డు చెల్లే క్లినిక్ ఏదో, పిల్లల డాక్టర్ ఎప్పుడు ఉంటారో కనుక్కుని పెట్టుకోండి. జ్వరం వచ్చిన రాత్రి వెతుక్కునే పని ఉండకూడదు.

6. ఇల్లు

అద్దె ఏడాది లెక్కన ఉంటుంది, ముందే తేదీలు వేసిన చెక్కులతో కడతారు. ఎన్ని తక్కువ చెక్కులకు ఒప్పుకుంటే అద్దె అంత తగ్గే వీలుంది. దుబాయ్‌లో ఒప్పందాన్ని ఎజారీ అనే ప్రభుత్వ అద్దె నమోదులో రిజిస్టరు చేయాలి, అది లేకపోతే కరెంటు కనెక్షన్ రాదు. ఫ్లాటుకి కరెంటు, నీళ్ల డిపాజిట్ 2,000 దిర్హాములు. చాలామందిని తికమక పెట్టేది నెల బిల్లులో కనిపించే హౌసింగ్ ఫీజు. ఏడాది అద్దెలో 5 శాతాన్ని పన్నెండు భాగాలు చేసి నెలనెలా ఆ బిల్లులోనే వసూలు చేస్తారు. ఏసీ చల్లదనానికి విడిగా బిల్లు వస్తుందా, అద్దెలోనే ఉందా అని సంతకం పెట్టకముందే అడగండి. వేసవిలో ఆ ఒక్క బిల్లుతోనే బడ్జెట్ తలకిందులవుతుంది.

డబ్బు ఆదా కోసం ఇంకో కుటుంబంతో ఫ్లాటు పంచుకోవాలని చూస్తారు. ఇంటి యజమాని అనుమతి, ఎజారీలో అందరి పేర్లూ లేకుండా అలా ఉండకండి.

ఇల్లు చూసేటప్పుడు నేను అన్నిటికంటే ముందు చూడమనేది బాల్కనీ. మన పిల్లలు వాకిట్లో, మిద్దె మీద పెరిగినవాళ్లు. పదో అంతస్తు అంటే ఏమిటో వాళ్లకు తెలియదు. బాల్కనీ గోడకు ఆనుకుని కుర్చీ, పూలకుండీ, బట్టల స్టాండు, ఖాళీ అట్టపెట్టె ఏదీ ఉంచకండి. కిటికీ కింద మంచం వేయకండి. కిటికీలకు పూర్తిగా తెరుచుకోకుండా ఆపే లాకులు పెట్టించండి. సామాను సర్దకముందే ఈ పని జరగాలి. ఆ హడావిడిలోనే పిల్లలు ఎక్కడున్నారో ఎవరూ చూడరు. బట్టలు కూడా బయటికి కనిపించేలా బాల్కనీలో ఆరేయకూడదు, మున్సిపాలిటీ ఒప్పుకోదు.

వంటింట్లో పోపు పెట్టేముందు ఎగ్జాస్ట్ వేయండి. ఎండుమిరపకాయల ఘాటు, చేపల వేపుడు పొగ ఫ్లాట్లలో ఉండే స్మోక్ డిటెక్టర్‌ని మోగిస్తాయి.

7. ఇల్లాలు ఒంటరిగా బయటికి వెళ్లడం

మొత్తం పద్ధతికి ఇదే ఆయువుపట్టు. మొదటి నెలలో దీనికి పెట్టిన సమయం తర్వాత ఏళ్లపాటు అక్కరకొస్తుంది.

ముందుగా ఆమె పేరు మీద సొంత సిమ్, సొంత యూఏఈ పాస్ ఖాతా, బ్యాంకు కార్డు ఉండాలి. యూఏఈ పాస్ అనేది ప్రభుత్వ పనులన్నింటికీ వాడే డిజిటల్ గుర్తింపు. భర్త ఫోనులోనే అన్నీ పెట్టుకుంటే, ఆయన మీటింగులో ఉన్న ప్రతిసారీ ఇంటి పని ఆగుతుంది. ఇంటి ఖర్చు డబ్బు ఆమె కార్డులోకి నెల మొదట్లోనే వేయండి. అడిగి తీసుకునే పరిస్థితి ఊళ్లో ఉన్నా లేకపోయినా, పరాయి దేశంలో అది మనిషిని చాలా కుంగదీస్తుంది.

తర్వాత దారులు. ఒకేసారి నగరం మొత్తం చూపించకండి. నాలుగు దారులు చాలు: సూపర్‌మార్కెట్, క్లినిక్, బడి, ఒక పార్కు. సెలవు రోజు ఇద్దరూ కలిసి వెళ్లండి. రెండోసారి ఆమె ముందు నడవాలి, ఆయన వెనక, ఎక్కడ తిరగాలో చెప్పకుండా. మూడోసారి ఆయన ఇంట్లోనే ఉండాలి. ఈ మూడు విడతలూ ప్రతి దారికీ చేయండి. తప్పు మలుపు తిరిగితే తిరగనివ్వండి, వెనక్కి వచ్చే దారి అలాగే తెలుస్తుంది.

మెట్రోకి నోల్ కార్డు కావాలి. సిల్వర్ కార్డు 25 దిర్హాములు, అందులో 19 ప్రయాణానికే వాడుకోవచ్చు. ఒక జోన్ లోపల 3 దిర్హాములు, పక్క జోన్‌కి 5, అంతకు మించితే 7.50. అయిదేళ్ల లోపు పిల్లలకు టికెట్ లేదు. గేటు దగ్గర కార్డు ఆనించి లోపలికి, దిగాక మళ్లీ ఆనించి బయటికి. బస్సులో దిగేటప్పుడు కూడా ఆనించాలి, మనవాళ్లు మరిచిపోయేది ఇక్కడే. బస్సులో డబ్బులు తీసుకోరు. మెట్రోలో ఆడవాళ్లకు, పిల్లలకు విడిగా పెట్టె ఉంది, ప్లాట్‌ఫాం మీద దానికి గులాబీ రంగు గుర్తు ఉంటుంది. రైల్లో తినడం, తాగడం, చూయింగ్ గమ్ నమలడం కుదరదు, 100 దిర్హాముల జరిమానా. చంటిపిల్లకు బిస్కెట్ ఇవ్వాలన్నా స్టేషన్ బయటికి వచ్చాకే. మగవాళ్లు పొరపాటున ఆడవాళ్ల పెట్టెలో ఎక్కినా జరిమానానే. రోడ్డు ఎక్కడపడితే అక్కడ దాటితే 400 దిర్హాములు. ట్యాక్సీల్లో గులాబీ రంగు టాపు ఉన్నవి ఆడవాళ్లు నడిపేవి.

అడ్రసు చెప్పడం ఇంకో చిక్కు. మనలాగా "రామాలయం పక్క సందు" అంటే కుదరదు. దుబాయ్‌లో ప్రతి భవనం గుమ్మం దగ్గర మకానీ నంబరు ఉంటుంది, పది అంకెలు. ఆ నంబరు చెబితే అంబులెన్సు సరిగ్గా మీ గుమ్మానికే వస్తుంది. ఇంట్లో అందరి చేతా కంఠతా పట్టించండి. పోలీసులకు 999, అంబులెన్సుకు 998, అగ్నిమాపక దళానికి 997. పిల్లలకు ఎక్కాల్లాగా ఇవీ రావాలి.

అరబిక్ రాకపోతే ఎలా అని భయపడనక్కర్లేదు. కొట్లలో, ట్యాక్సీల్లో, ఆసుపత్రుల్లో హిందీ, ఇంగ్లీషు నడుస్తాయి. నెల్లూరు ఆడవాళ్లకు మొదట ఇబ్బంది పెట్టేది హిందీయే. వారం రోజులు బేరం మాటలు, దారి అడిగే మాటలు, డాక్టరుకు చెప్పే మాటలు నేర్చుకుంటే ధైర్యం దానంతట అదే వస్తుంది.

మనసు బాగాలేని రోజున చేపల మార్కెట్టుకు వెళ్లమంటాను. డేరాలో వాటర్‌ఫ్రంట్ మార్కెట్, షార్జాలో జుబైల్ మార్కెట్ పెద్దవి. వంజరం చూపించి, పులుసు ముక్కలుగా కొట్టమని చెప్పి, శుభ్రం చేసే కౌంటర్లో విడిగా డబ్బు కట్టి తెచ్చుకోవాలి. చింతపండు పిండి, పచ్చిమామిడి ముక్కలు వేసి సాయంత్రమే పులుసు దించి పెడితే, మర్నాటికి ఊళ్లో రుచి వస్తుంది. పిల్లలు కూడా ఆ రోజు మారుమాట లేకుండా తింటారు.

ఇంట్లో పచ్చళ్లు పెట్టి అమ్మడం, టిఫిన్లు పంపడం, ట్యూషన్లు చెప్పడం లైసెన్సు లేకుండా చేయకూడదు. ట్యూషన్లకు 2023 డిసెంబర్ నుంచి ప్రైవేటు టీచర్ పర్మిట్ ఇస్తున్నారు, దరఖాస్తు చేసుకోండి. ఇంకో ముఖ్యమైన సంగతి: ఊళ్లో ఎవరికో ఆపరేషన్ అని, గుడి కడుతున్నామని వాట్సాప్ గ్రూపులో చందాలు వసూలు చేయడం అక్కడ నేరం. మనసు మంచిదే, చట్టం ఒప్పుకోదు. మీ డబ్బు మీరు మీ బ్యాంకు నుంచి ఊరికి పంపండి. ఊళ్లో ఇస్తాం, ఇక్కడ కట్టండి అనే హుండీ (హవాలా) దారి వద్దు. అడగకుండా ఇతరుల ఫొటోలు తీసి పెట్టడం కూడా కేసు అవుతుంది.

ప్రార్థనకు చోటు వెతుక్కోవాల్సిన పని లేదు. జెబెల్ అలీలో 2022 అక్టోబర్‌లో పెద్ద హిందూ దేవాలయం తెరిచారు. దాని దగ్గరే చర్చిల ప్రాంగణం ఉంది, ఔద్ మెథాలోనూ చర్చిలు ఉన్నాయి. శుక్రవారం కూడా ఆరాధన జరగడం అక్కడ మామూలే. వారానికి ఒకసారి మన భాష వినపడే చోటికి వెళ్లి రావడం ఇంట్లో అందరికీ మంచిది.

8. బడి

దుబాయ్‌లో బడుల తనిఖీ నివేదికలు, ఫీజులు ప్రైవేటు బడులను చూసే ప్రభుత్వ సంస్థ కేహెచ్‌డీఏ వెబ్‌సైట్‌లో అందరికీ కనపడతాయి. బంధువుల మాట మీద కాకుండా అవి చదివి ఎంచుకోండి. ఇండియన్ సిలబస్ బడులు ఏప్రిల్‌లో మొదలవుతాయి. ఇక్కడి బడి ఇచ్చే టీసీ మీద డీఈఓ సంతకం, అటెస్టేషన్ కావాలా అని ముందే అక్కడి బడిని అడగండి. వేసవి సెలవుల్లో మన దగ్గర సంతకం పెట్టేవాళ్లు దొరకరు.

అరబిక్ తప్పనిసరి సబ్జెక్టు. తెలుగు ఉన్న బడి దొరకడం అరుదు, కాబట్టి ఇంట్లోనే రోజుకు ఒక పేజీ రాయించండి. తాతయ్యకు వారానికో ఉత్తరం రాసి ఫొటో తీసి పంపమంటే, కాపీ రాయడం కన్నా ఇష్టంగా రాస్తారు.

9. తిరగడం, ఊరికి రావడం

నవంబర్ నుంచి మార్చి వరకు బయట తిరగడానికి బాగుంటుంది. మైపాడు బీచి మీద బెంగ పెట్టుకున్న పిల్లలను ఖోర్‌ఫకాన్ తీసుకెళ్లండి. కొండలు కావాలంటే హత్తా, రాస్ అల్ ఖైమాలో జెబెల్ జైస్ ఉన్నాయి. కారులో నాలుగేళ్ల లోపు పిల్లలకు చైల్డ్ సీటు తప్పనిసరి, పదేళ్ల లోపు పిల్లలను ముందు సీట్లో కూర్చోబెట్టకూడదు. ఒళ్లో కూర్చోబెట్టుకునే అలవాటు మానాలి.

వానపడితే పెన్నా వంతెన మీదికి వెళ్లి నీళ్లు చూసే అలవాటు మనది. అక్కడ ఆ పని చేయకండి. 2024 ఏప్రిల్ 16న యూఏఈలో రికార్డు వాన పడింది, అల్ ఐన్ వైపు ఒకచోట ఒక్క రోజులోనే 254 మిల్లీమీటర్లు దాటింది. వాన సమయంలో పొంగుతున్న లోయల్లోకి కారు దింపితే 2,000 దిర్హాముల జరిమానా, లైసెన్సు మీద 23 బ్లాక్ పాయింట్లు.

ఊరి ప్రయాణం ముందే ఆలోచించుకోవాలి. అక్కడి బడులకు పెద్ద సెలవులు జులై, ఆగస్టుల్లో. మన రాష్ట్రంలో బడులు జూన్‌లోనే తెరుస్తారు. అంటే మీ పిల్లలు ఊరికి వచ్చేసరికి పెదనాన్న పిల్లలు, మేనత్త పిల్లలు బడికి వెళ్తుంటారు. ఇది ముందే చెప్పకపోతే పిల్లలు నిరాశపడతారు. శనివారాలు, ఆదివారాలు, ఆగస్టు పదిహేను సెలవు చూసి కలిసే రోజులు అనుకోండి. ఆషాఢం వెళ్లి శ్రావణం వస్తుంది కాబట్టి పెళ్లిళ్లు, గృహప్రవేశాలు కలిసొస్తాయి. నెల్లూరు రొట్టెల పండుగలో విదేశీ రొట్టె పట్టుకుని వెళ్లినవాళ్లు, మొక్కు తీరాక స్వర్ణాల చెరువు దగ్గర మళ్లీ రొట్టె ఇవ్వడానికి రావాలనుకుంటే, మొహర్రం ఏటా పదీ పదకొండు రోజులు ముందుకు జరుగుతుందని లెక్కలో పెట్టుకోండి. సంక్రాంతికి అక్కడ సెలవు ఉండదు. జులైలో వెళ్లే టికెట్టు, ఆగస్టు చివర్లో తిరిగి వచ్చే టికెట్టు నెలల ముందే తీసుకోండి.

దుబాయ్ విమానాలకు నెల్లూరు వాళ్లకు చెన్నై విమానాశ్రయమే దగ్గర. విమానాశ్రయం నుంచి మెట్రోలో నేరుగా సెంట్రల్ స్టేషన్‌కి చేరి రైలెక్కవచ్చు. పెట్టెలూ చంటిపిల్లలూ ఉంటే ఊరి నుంచి కారు పిలిపించుకోవడమే నయం. తిరుగు ప్రయాణంలో చెన్నై ఊళ్లోకి వచ్చాక పట్టే సమయాన్ని తక్కువ లెక్క వేయకండి. విమానాశ్రయం నగరానికి ఆ చివర ఉంది. నవంబర్, డిసెంబర్‌లలో తుపాను హెచ్చరిక ఉంటే ఒకరోజు ముందే చెన్నై చేరండి. 2021 నవంబర్‌లో పెన్నా వరదకు నెల్లూరు దగ్గర హైవే, రైలు మార్గం రెండూ ఆగిపోయాయి.

10. పురుడు

తొలి కాన్పు పుట్టింట్లో జరగాలనేది మన ఆనవాయితీ. వచ్చేముందు రెండు లెక్కలు చూడండి. చాలా విమాన సంస్థలు 28 వారాలు దాటితే డాక్టరు సర్టిఫికెట్ అడుగుతాయి, 36 వారాల తర్వాత ఎక్కించుకోవు. రెండోది ఇంకా ముఖ్యం: వరసగా 180 రోజులకు మించి యూఏఈ బయట ఉంటే మామూలు నివాస వీసా చెల్లకుండా పోతుంది. ఏడో నెలలో సీమంతానికి వచ్చి, బిడ్డకు అయిదో నెల వచ్చాక వెళ్దామనుకుంటే ఈ గడువు దాటిపోతుంది. కాన్పు తర్వాత బిడ్డ పాస్‌పోర్టు, ఎంట్రీ పర్మిట్‌కి పట్టే రోజులు కూడా కలిపి ముందుగానే తేదీ వేసుకోండి.

అక్కడే కాన్పు అయితే బిడ్డ వీసా 120 రోజుల లోపు తీసుకోవాలి. భారత కాన్సులేట్‌లో జననం నమోదు ఏడాది లోపు చేయించాలి. అది బిడ్డ పౌరసత్వానికి సంబంధించిన పని, వాయిదా వేయకండి. బాలింతకు సాయంగా అమ్మను పిలిపించుకోవాలంటే, పాస్‌పోర్టులో పేరు సరిచూసే పని అయిదో నెలలోనే మొదలుపెట్టండి.

11. అమ్మానాన్నలు వచ్చినప్పుడు

మే నుంచి సెప్టెంబర్ వరకు పిలవకండి. నెల్లూరు ఎండలు చూసినవాళ్లమే కదా అని వాళ్లంటారు గానీ, అక్కడ రాత్రి కూడా గాలి చల్లబడదు, పైగా ఉక్క. బయట పనిచేసే కూలీలకు జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 వరకు మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు దాకా పని ఆపాలని ప్రభుత్వమే నియమం పెట్టింది. శీతాకాలంలో వస్తే సాయంత్రం పార్కులో నడవగలుగుతారు.

టికెట్టుతోపాటే వీల్‌చైర్ సాయం అడగండి. నడవగలిగినా సరే, ఇమిగ్రేషన్ దాకా మనిషి తోడుంటారు. ఒక అట్ట ముక్క మీద ఇంగ్లీషులో మీ పేరు, ఫోన్ నంబరు, మకానీ నంబరు, వాళ్లు వాడే మందుల పేర్లు రాసి నాన్న జేబులో, అమ్మ చేతి సంచిలో చెరొకటి పెట్టించండి. విజిట్ వీసాకు బీమా తీసుకోండి. ఆ వయసులో ఒక్క రాత్రి ఆసుపత్రిలో ఉన్నా బిల్లు భరించలేం.

వాళ్లకు అక్కడ పొద్దు గడవదు. మీరు వెళ్లాక తలుపు వేసుకుని టీవీ ముందు కూర్చోవడమే అవుతుంది. ఇల్లాలికి నేర్పినట్టే వాళ్లకూ ఒక దారి నేర్పండి, కింద పార్కు దాకా, లేదంటే మలుపులో ఉన్న కొట్టు దాకా. రోజూ కొత్తిమీర తెచ్చే పని నాన్నకు అప్పగించండి. తిరుగు టికెట్ వీసా చివరి రోజుకు వారం ముందే ఉండాలి. గడువు దాటితే రోజుకు 50 దిర్హాముల చొప్పున ఒక్కొక్కరికీ పడుతుంది.